ముప్పై వేల మందిని ముంచిన పాఠం

శాంభవి మేడం నోట్లోంచి ఒక వాక్యం బయల్దేరితే అది ఎక్కడ దిగుతుందో ఆవిడకే తెలియదు. బెజవాడలో బందరు బస్సెక్కిన వాక్యం పామర్రులో దిగిపోయి, అక్కడ కనిపించిన గుడివాడ బస్సెక్కేస్తుంది. బందరులో దాని కోసం ఎదురుచూసేవాళ్ళు ఎదురుచూస్తూనే ఉండాలి.

ఆవిడ బెంజ్ సర్కిల్‌కి కాస్త లోపలగా ఉన్న ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చరిత్ర ప్రొఫెసరు. చరిత్ర బాగా వచ్చు. చెప్పడం ఇంకా బాగా వచ్చు. చెప్పినదాన్ని ఒక గట్టుకు చేర్చడమే రాదు. ముందు బెంచీలో ఎవడో మంగళగిరి నేత చొక్కా తొడుక్కొస్తే చాలు, ఆ రోజు పాఠం ఏదైనా సరే, ఆ చొక్కా దగ్గర మొదలై బందరు రేవుకు పోతుంది. రేవులో డచ్చివాళ్ళ గుడ్డల వ్యాపారం, ఆ గుడ్డల మీద అద్దకం, అద్దకానికి కావలసిన రంగులు. ఆ రంగుల్లో మునిగి ఉండగా బెల్లు కొట్టేస్తారు. పిల్లలు మాత్రం కదలరు. ఆ కాలేజీలో హాజరు కోసం కాకుండా పాఠం కోసం పిల్లలు కూర్చునే క్లాసు అదొక్కటే.

ఇంట్లో ఆవిడ స్కూటరు తాళంచెవి గ్యాసు పొయ్యి నాబ్‌కి వేలాడుతూ ఉంటుంది. చూసినవాళ్ళు నవ్వుతారు. పొయ్యి కట్టెయ్యకుండా గడప దాటకుండా ఉండటానికి ఆవిడ చేసుకున్న ఏర్పాటు అది. కారియరు తీసుకెళ్ళి చెప్పుల మీద పెడుతుంది, మర్చిపోతే ఉత్త కాళ్ళతో పోవాలి కాబట్టి. నవ్వేవాళ్ళ ఇళ్ళలో తాళాలకు ఇత్తడి నెమళ్ళున్న స్టాండ్లుంటాయి. పొద్దున్నే ఆ ఇళ్ళల్లో తాళం కోసం వెతుకులాటలూ, అరుపులూ ఉంటాయి. శాంభవి ఇంట్లో ఉండవు. మొగుడు శరత్‌చంద్ర కూడా మొదట్లో నవ్వాడు. తరవాత తన బండి తాళం రెండో నాబ్‌కి తగిలించుకున్నాడు.

నలభై దాటాక సూర్యారావుపేటలో ఒక డాక్టరు ఆవిణ్ణి తీరిగ్గా కూర్చోబెట్టి, చిన్నప్పటి సంగతులన్నీ అడిగి, దీన్ని ఏడీహెచ్‌డీ అంటారని చెప్పాడు. "మీకు ధ్యాస తక్కువేం కాదమ్మా, చాలా ఉంది. అది మీరు చెప్పిన చోటికి వెళ్ళదు, అంతే" అన్నాడు. ఒక మాత్ర రాశాడు. ఆ మాత్ర దొరకాలంటే మందుల షాపులన్నీ తిరగాలి. దొరికిన చోట షాపువాడు చీటీని ఒకసారి, మనిషిని ఒకసారి చూస్తాడు.

ఆవిడ చేసిన తెలివితక్కువ పని, ఈ మాట స్టాఫ్ రూములో చెప్పడం. చదువుకున్నవాళ్ళు కదా, అర్థం చేసుకుంటారనుకుంది.

"అది పిల్లలకొచ్చేది కదండీ? మీకెలా వచ్చింది?" అన్నాడు ఎకనామిక్స్ ఆయన, ఏదో ఆవిడ క్యూలో మధ్యలో దూరినట్టు.

"నాక్కూడా మతిమరుపేనండీ. మొన్న కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికాను" అంది ఇంగ్లీషు మేడం.

బాదంపప్పు నానబెట్టుకోమన్నారు. సరస్వతి ఆకు తినమన్నారు. పొద్దున్నే లేచి కళ్ళు మూసుకుని కూర్చోమన్నారు. సలహా చెప్పినవాళ్ళలో ఒక్కరు కూడా ఆవిడ పని ఒకటి అందుకోలేదు, తమ పని ఒకటి మానుకోలేదు. మధ్యాహ్నానికల్లా "చరిత్ర మేడంగారికి ఏదో మైండ్ ప్రాబ్లమట" అనే మాట ఆఫీసు గుమస్తా దాకా పాకింది. సాయంత్రానికి ఆ మాటే వెళ్ళి ప్రిన్సిపాల్ గదిలో కూర్చుంది.

ప్రిన్సిపాల్ అచ్యుతరామారావు కూడా చరిత్ర మనిషే. క్లాసులోకి ఎప్పుడు ఆఖరిసారి వెళ్ళాడో ఎవరికీ గుర్తులేదు. కానీ మైకు కనపడితే చెయ్యి దానంతటదే ముందుకుపోతుంది. రక్తదాన శిబిరమైనా, కబడ్డీ పోటీ అయినా, "చరిత్ర మనకు ఏం చెబుతోంది?" అని మొదలుపెడతాడు. చరిత్ర ఆయనకు ఏమీ చెప్పి ఎరుగదు.

ఆ ఏడాది ఇంటర్నల్ పరీక్షకు శాంభవి ఇచ్చిన ప్రశ్నపత్రం పైసగం రెండో సంవత్సరం వాళ్ళదీ, కింది సగం మూడో సంవత్సరం వాళ్ళదీ అయ్యింది. తప్పే. ఆవిడ ఒప్పుకుంది, గంటలో కొత్త పేపరు తయారుచేసింది. అచ్యుతరామారావు పిలిచాడు.

"చూడమ్మా, మీ ఆరోగ్యం సంగతి విన్నాను. సానుభూతి ఉంది. కానీ ఇంకొక్క మాట నా చెవిన పడితే క్లాసులు తీసేస్తాను. అడ్మిషన్ల టీములో తిరుగుదురుగాని. ఫ్రెష్ ఎయిర్. మీకూ మంచిది."

అడ్మిషన్ల టీమంటే, కాలేజీ పేరు రాసిన కారెక్కి కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు చుట్టూ ఊళ్ళు తిరిగి, ఇంటరు పాసైన పిల్లల ఇళ్ళకు పోయి, మా కాలేజీలో చేర్చండని బతిమాలడం. కాలేజీ ఎవర్ని వదిలించుకోవాలనుకుంటే వాళ్ళను ఆ కారెక్కిస్తుంది. కొందరు అక్కణ్ణుంచే రాజీనామా పంపారు. శాంభవికి ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఇంట్లో, బ్యాంకులో, బజారులో, బంధువుల పెళ్ళిళ్ళలో, ప్రతిచోటా ఆవిడ ఏదో ఒకటి జారవిడిచే మనిషే. క్లాసులో నిలబడ్డప్పుడు మాత్రమే అందరికంటే బాగా చేసే పని దొరుకుతుంది. అది పోతే మిగిలేది ఆ మతిమరుపు మేడమే.

ఎండలు ముదిరాక యూనివర్సిటీ పరీక్షల పేపర్లు దిద్దే క్యాంపు పెట్టారు. జిల్లాలో ఉన్న చరిత్ర లెక్చరర్లందరినీ ఒక కాలేజీ హాల్లో కూర్చోబెట్టారు. చీఫ్ ఎగ్జామినరుగా వచ్చింది అచ్యుతరామారావే. మొదటిరోజు ఆయన మైకు పట్టుకుని, ఒక్కో జవాబుపత్రం వెనకా ఒక్కో తల్లిదండ్రుల కల ఉందన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కొట్టి, కలల కట్టలు విప్పి, వడియాలు పిండినట్టు టిక్కులు పెట్టడం మొదలెట్టారు.

వాళ్ళు దిద్దే తీరు చెప్పాలి. జవాబు చదవరు. హెడ్డింగుందా, దాని కింద గీతుందా, ఎన్ని పేజీలు నిండాయి అని చూస్తారు. నిండిన పేజీకి నిండు మార్కులు. ప్రద్యుమ్న అయితే ఎడంచేత్తో పేజీలు తిప్పుతూ, కుడిచేత్తో టిక్కులు రాలుస్తూ, భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించి కోచింగ్ సెంటరు వ్యవహారం చక్కబెడతాడు. ప్రద్యుమ్న పేరుకు ఇంకో కాలేజీలో లెక్చరరు. అసలు సంపాదన కోచింగు, యూట్యూబ్ చానలు, 'ప్రద్యుమ్న సక్సెస్ మెటీరియల్' అనే గైడు. గైడు అట్ట మీద ఆయన ఫోటో కోటకంటే పెద్దది. వెనకాల ఉన్న కోట ఏదో ఆయన్నడిగితే చెప్పలేడు.

శాంభవి దిద్దే తీరు చూసి హాలంతా ముసిముసిగా నవ్వుకునేది. ఆవిడ కుర్చీలో కూర్చోదు. కిటికీ దగ్గర నిలబడి, కిటికీ అరుగు మీద ఒక్క పేపరే పెట్టుకుంటుంది. మిగతా కట్ట వెనక కుర్చీలో, కంటికి కనపడకుండా. ఒక జవాబు అయ్యాక మంచినీళ్ళ డ్రమ్ము దాకా నడిచొస్తుంది. మళ్ళీ ఇంకో జవాబు. అలా కాకుండా బల్ల దగ్గర కూర్చుంటే పేపరు మీది చేతిరాత చూస్తూ ఆ పిల్ల ఏ ఊరిదై ఉంటుందో అని ఆలోచిస్తూ ఉండిపోతుంది. తన బుర్ర సంగతి తెలిసి దానికి తగ్గట్టు పని అమర్చుకుంది. అందరికంటే తక్కువ పేపర్లు దిద్దింది. కానీ ఆ హాల్లో పేపర్లు చదివింది ఆవిడొక్కతే.

"ఏమే, నీళ్ళ డ్రమ్ముకు ప్రదక్షిణాలా? మొక్కుకున్నావా?" అంది సల్మా. సల్మా బందరు మనిషి, అక్కడే లెక్చరరు. ఎం.ఏ.లో ఇద్దరూ ఒకే బెంచీ. శాంభవితో నువ్వు అని మాట్లాడేది ఆ హాల్లో ఆవిడే.

"నీ కట్టలో ఆనకట్ట ప్రశ్న వచ్చిందా?" అంది శాంభవి. మొహం పాలిపోయి ఉంది.

"అందరి కట్టల్లోనూ వచ్చింది. కృష్ణా ఆనకట్ట నిర్మాణానికి కారణాలు, ఫలితాలు. ఏం?"

శాంభవి చేతిలో పేపరు చూపించింది. గుండ్రటి చేతిరాత. హెడ్డింగు, కింద స్కేలుతో గీత. అందులో ఇలా ఉంది: 'కృష్ణా ఆనకట్ట నిర్మాణ సమయంలో వచ్చిన ఉప్పెనలో ముప్పై వేల మంది కూలీలు కొట్టుకుపోయారు. ఇది రాసుకోకండి. వారి త్యాగఫలమే నేటి కృష్ణా డెల్టా.'

సల్మా చదివి నవ్వింది. "ఇది రాసుకోకండి అని కూడా రాసిందా పిచ్చిపిల్ల!"

"ఒక్కతే కాదు. నా కట్టలో ఇప్పటిదాకా చూసినవాటిలో సగానికి సగం ఇదే. వేరే వేరే చేతిరాతలు. నీ కట్ట తియ్యి."

సల్మా తీసింది. అప్పటికే మార్కులు వేసేసిన పేపర్లు. అందులోనూ ముప్పై వేల మంది. ఒకడు జాలి కలిగి, కూలీల భార్యల్ని కూడా కలిపాడు. ప్రతిదాని పక్కనా సల్మా ఎర్ర టిక్కు.

"అయ్యో" అంది సల్మా, తన టిక్కుల్ని తనే చూసుకుని. "నేను హెడ్డింగు చూసి వేసేశానే."

శాంభవికి ఆ వాక్యం ఎక్కడ పుట్టిందో చదవగానే తెలిసిపోయింది. అది తన గొంతు. రెండేళ్ళ కిందట, కుంఫిణీ కాలంలో నందన నామ సంవత్సరాన వచ్చిన కరువు గురించి పాఠం చెబుతోంది. ఆ కరువు వల్లే ఆనకట్ట ఆలోచన గట్టిపడిందని చెబుతూ, ఆనకట్ట కట్టినా నీళ్ళ బెడద వదల్లేదు, అది పూర్తయిన తొమ్మిదేళ్ళకు బందరు ఉప్పెనలో ముప్పై వేల మంది దాకా పోయారు అంది. పరీక్షకు అక్కర్లేని సంగతి కనక, ఇది రాసుకోకండి అని కూడా అంది. ఆ మాట ఆవిడకు అలవాటు. సరిగ్గా అప్పుడే కిటికీ బయట ట్రాఫిక్ వాళ్ళ క్రేను ఎవరిదో స్కూటర్ని గాల్లోకి లేపింది. ఆవిడ దాన్ని చూసింది, క్లాసంతా చూసింది, కాసేపు పార్కింగు గురించి మాట్లాడారు. తిరిగి పాఠంలోకి వచ్చి, "ఆ కూలీలు..." అని ఆనకట్ట రాళ్ళ సంగతి అందుకుంది. పిల్లలు విన్నది విన్నట్టు రాసుకున్నారు. మధ్యలో తెగిన చోట వాళ్ళే ముడేశారు. ఆ నోట్సు జిరాక్సు షాపుకెళ్ళింది. మంచి నోట్సని పేరు పడి ఊళ్ళు తిరిగింది.

"మరి త్యాగఫలం ఎక్కణ్ణుంచొచ్చింది? నేనలాంటి మాటలు మాట్లాడను" అంది శాంభవి.

సల్మా బ్యాగులోంచి ప్రద్యుమ్న గైడు తీసింది. సిగ్గుపడుతూనే తీసింది. "మా పిల్లలు ఇదే కొంటారే. నేనూ ఇందులోంచే చెప్పేస్తున్నాను." ఆనకట్ట పేజీ తిప్పింది. ముప్పై వేల మంది, ఇది రాసుకోకండి, త్యాగఫలం, వరసగా అచ్చులో ఉన్నాయి. 'ఇది రాసుకోకండి' లావు అక్షరాల్లో ఉంది. ముఖ్యమైన పాయింటనుకుని ఉంటారు. పిల్లల నోట్సు తీసుకుని టైపుకిచ్చినవాడు ఒక్కసారైనా చదివి ఉంటే అది కనపడేది.

"వెళ్ళి చీఫ్‌కి చెప్పాలి" అంది శాంభవి.

సల్మా చెయ్యి పట్టుకుంది. "కూర్చో. ఆ చీఫ్ మీ ప్రిన్సిపాలేనని మర్చిపోయావా? ఇంకొక్క మాట వింటే కారెక్కిస్తానన్నాడని నువ్వే ఏడ్చావు కదే. పైగా ఇంజనీర్ల దినోత్సవం నాడు మీ కాలేజీలోనే, ఆ ముప్పై వేల మంది ఆత్మశాంతికని ఆయన రెండు నిమిషాలు మౌనం పాటింపజేశాడు. పేపర్లో ఫోటో వచ్చింది. నువ్వు కూడా ఉన్నావు అందులో, తల వంచుకుని."

"అది ఎవరికో అనుకున్నాను" అంది శాంభవి. " స్టేజీ మీద ఫ్యాను రెక్క ఒకటి వంకరగా తిరుగుతోంది. అది ఊడి ఆయన మీద పడుతుందేమోనని దాన్నే చూస్తున్నాను."

"పడలేదుగా. అదీ మన ఖర్మ."

అదీ సంగతి. క్లాసులో తెగిపోయిన ఒక వాక్యం జిరాక్సు అయింది, గైడయింది, ఉపన్యాసమయింది, చివరికి లేని శవాలకు మౌనం పాటించారు. ఇంతమంది ఎమ్మేలు, పీహెచ్‌డీల చేతుల మీదుగా పోయింది. ఆనకట్ట ఎప్పుడు, ఉప్పెన ఎప్పుడు అని చూసినవాడు ఒక్కడు లేడు. చూడటానికి రెండు తేదీలు చాలు.

నోరు మూసుకుంటే శాంభవి క్లాసు శాంభవికి ఉంటుంది. కానీ వచ్చే ఏడు ఆ క్లాసులోకి వచ్చేవాళ్ళు కూడా ఆ గైడే పట్టుకొస్తారు. ఆ తరవాతి ఏడు వచ్చేవాళ్ళూ అంతే. టీ వేళకు ఆవిడ లేచి చీఫ్ బల్ల దగ్గరకు పోయింది. సల్మా తల పట్టుకుని, గైడు చంకలో పెట్టుకుని వెనకాలే నడిచింది.

"సార్, ఆనకట్ట జవాబులో ఒక తప్పు జిల్లా అంతా రాశారు. పిల్లలకు మార్కులు తగ్గించొద్దు, వాళ్ళ తప్పు కాదు. కానీ అది తప్పని ఇక్కడ మైకులో ఒకసారి చెప్పండి. అందరూ తమ కాలేజీల్లో సరిచేసుకుంటారు."

అచ్యుతరామారావు బిస్కెట్టు టీలో ముంచి, మెత్తబడిందాకా ఆగి, నోట్లో వేసుకున్నాడు. "ఏ తప్పమ్మా?"

"ముప్పై వేల మంది కూలీలు."

టీలో ముంచబోతున్న రెండో బిస్కెట్టు సగంలో ఆగింది. పక్కనే టీ తాగుతున్న ప్రద్యుమ్న వెంటనే అందుకున్నాడు. "అది తప్పని ఎలా అంటారు మేడం? దాని మీద భిన్నాభిప్రాయాలున్నాయి."

"ఎవరివి?"

"పలువురు చరిత్రకారులవి."

"ఒక్కరి పేరు చెప్పండి."

"పేర్లు కాదు మేడం ముఖ్యం. దృక్పథం. మీరు పాలకుల కోణంలో చూస్తున్నారు. మేము శ్రామికుల కోణంలో చూస్తున్నాం."

"ఆనకట్ట పూర్తయిన తొమ్మిదేళ్ళకు ఉప్పెన వచ్చింది. ఏ కోణంలో చూస్తే అది వెనక్కి జరుగుతుందండీ?"

చుట్టూ మనుషులు మూగారు. టీ కప్పులు చేతుల్లోనే ఉన్నాయి. ప్రద్యుమ్న గొంతు పెంచాడు. చానలు నడిపేవాళ్ళకు గొంతు ఒకటుంటుంది, అదే వాదన అనుకుంటారు. "నేను క్షేత్ర పరిశోధన చేసి రాశాను మేడం. లంక గ్రామాల్లో ముసలివాళ్ళను కలిసి. మీకు ఈ మధ్య ఒంట్లో బాగుండట్లేదని విన్నాం. పెద్దగా పట్టించుకోకండి."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. సల్మా గైడు తెరిచి శాంభవి చేతిలో పెట్టింది.

"మీ పుస్తకమే కదండీ ఇది?"

"అందరి దగ్గరా ఉంది."

"అయితే ఇందులో 'ఇది రాసుకోకండి' అని లావు అక్షరాల్లో ఎందుకు వేశారు? లంకల్లో ముసలివాళ్ళు చెప్పారా?"

ప్రద్యుమ్న పుస్తకం లాక్కుని చూశాడు. తన పుస్తకంలో ఆ పేజీని తను మొదటిసారి చదవడం అందరికీ కనిపిస్తూనే ఉంది. "ప్రింటింగ్ మిస్టేకు" అన్నాడు.

"కాదు. అది నా మాట. క్లాసులో నేనన్నాను. బందరు ఉప్పెన గురించి చెబుతూ వాక్యం మధ్యలో వదిలేశాను. పిల్లలు ఆనకట్టకు అతికించారు. మీరు దాన్ని ఎత్తుకెళ్ళి త్యాగఫలం తగిలించారు. తప్పు నాది ప్రద్యుమ్న గారూ. మీకు సొంతంగా ఒక తప్పు చెయ్యడం కూడా చేతకాలేదు."

హాలు గొల్లుమంది. నవ్వు మొదట ప్రద్యుమ్న మీదకు పోయింది. తరవాత, పోటు నీళ్ళలా తిరిగి, ఆవిడ మీదకు వచ్చింది. "అయితే ముప్పై వేల మందిని ముంచింది మీరేనా మేడం?" అన్నాడు ఒకాయన. రెండు రోజులుగా ఆ జవాబుకు నిండు మార్కులు వేస్తూ వచ్చినవాడే. తను కూడా ముంచినవాళ్ళలో ఉన్నానన్న అనుమానం ఆయనకు రాలేదు.

అచ్యుతరామారావు మైకు ముట్టుకోలేదు. జీవితంలో ఆయన వద్దనుకున్న మైకు అదొక్కటే. అందరికీ మార్కులు వేసేయండన్నాడు. మిగతా విషయం ఒక కమిటీ పరిశీలిస్తుందన్నాడు. కమిటీలో ప్రద్యుమ్న పేరు వేశాడు. శాంభవిని పక్కకు పిలిచి, "కాలేజీ పరువు తీశావమ్మా" అన్నాడు. మీరు నుంచి నువ్వుకు దిగాడు. "సోమవారం నుంచి కారెక్కు."

ఎక్కింది. కారు మీద ప్రిన్సిపాల్ ఫోటో, కారులో కరపత్రాలు, ఏసీ పనిచెయ్యదు. టీమ్ లీడరు జాన్‌బాబు చెడ్డవాడేం కాదు, ఎలా మాట్లాడాలో దారంతా నేర్పించాడు. పామర్రు అవతల ఒక ఊళ్ళో రొయ్యల చెరువులున్న ఒకాయన ఇంట్లో కూర్చోబెట్టి మజ్జిగిచ్చారు.

"మా అమ్మాయిని మీ దగ్గర చేరిస్తే కంప్యూటర్లు అవీ బాగా నేర్పుతారా అండీ?" అన్నాడాయన.

"సగం పనిచెయ్యవండీ" అంది శాంభవి. అడిగిన ప్రశ్నకు నిజం నోట్లోంచి వచ్చేశాక గానీ, దాన్ని ఆపాలన్న సంగతి ఆవిడకు తట్టదు. "పనిచేసేవి కూడా ప్రిన్సిపాల్ గారి పుట్టినరోజు వీడియో ఎడిట్ చెయ్యడానికి వాడతారు. అమ్మాయికి ఏమిష్టం?"

అమ్మాయికి కథలు వినడం ఇష్టమట. ఇంకేముంది. రొయ్యల చెరువు కిందున్న భూమి ఒకప్పుడు ఏమిటి, ఆ కాలవలో పడవల మీద ఏమేం పోయేవి అని శాంభవి మొదలుపెట్టింది. జాన్‌బాబు కారులోకి పోయి పడుకున్నాడు. ఆ సాయంత్రం ఫోను చేసి, "సార్, ఈ మేడాన్ని ఇంకో వారం తిప్పితే ఉన్న పిల్లలు కూడా టీసీలు తీసుకుపోతారు" అని మొరపెట్టుకున్నాడు.

కాలేజీ తెరిచాక శాంభవి క్లాసులు, గెస్ట్ లెక్చరరుగా పిలిచి, ప్రద్యుమ్నకిచ్చారు. వచ్చాడు, తన గురించి చెప్పాడు. రెండోసారి వచ్చి చానలు సబ్‌స్క్రైబ్ చేసుకోమన్నాడు. ఆ తరవాత రాలేదు, లింకులు పంపాడు. మూడో సంవత్సరం పిల్లలు ప్రిన్సిపాల్ గది ముందు నిలబడ్డారు. న్యాయం కోసమేం కాదు. "ఆ మేడం చెప్తే గుర్తుంటది సార్, ఈయన చెప్తే ఏమీ ఉండట్లేదు" అన్నారు. కొత్తగా ఇంకొకర్ని పెట్టుకోవడానికి యాజమాన్యం ఒప్పుకోలేదు. గతిలేక శాంభవిని వెనక్కి పిలిచారు. "కమిటీ మీకు ఇంకో అవకాశం ఇవ్వాలని నిర్ణయించిందమ్మా" అన్నాడు అచ్యుతరామారావు, మళ్ళీ మీరులోకి ఎక్కి. కమిటీ ఒక్కసారి కూడా కూర్చోలేదు.

మొదటి క్లాసులో ఆవిడ ఉపన్యాసమేం ఇవ్వలేదు. జరిగిన తప్పేమిటో, అది ఎక్కడెక్కడికి పోయిందో చెప్పింది. బోర్డుకు కుడిపక్కన నిలువుగా ఒక గీత గీసింది.

"నేను వాక్యాలు మధ్యలో వదిలేస్తాను. ఇక మానేస్తానని మాటివ్వను, అది నా వల్ల కాదు. వదిలేసిన ప్రతిసారీ మీలో ఒకరు బల్ల మీద కొట్టండి. ఆ సగం వాక్యాన్ని ఈ గీతకు అటువైపు రాస్తాను. పూర్తిచేశాకే చెరపాలి. అప్పటిదాకా దాన్ని ఎవరూ నోట్సులో ఎక్కించకూడదు. ఇవాళ బల్ల ఎవరిది?"

రుచిత అనే అమ్మాయి చెయ్యెత్తింది. ఆ గంటంతా బల్ల మోగుతూనే ఉంది. మొదట్లో పిల్లలు నవ్వారు, తరవాత నవ్వడం మర్చిపోయి కాపలా కాశారు. అటుగా పోతున్న అచ్యుతరామారావు గుమ్మంలోంచి తొంగిచూసి, "ఏంటమ్మా ఈ రభస, డప్పుల క్లాసా?" అన్నాడు. శాంభవి గీత అవతలి వాక్యాలు ఒక్కొక్కటే పూర్తిచేసి చెరిపేస్తోంది. ఆఖరున ఒకటి మిగిలింది: 'ఆ ఏడు కాలవలో నీళ్ళు వదలకముందే రైతులు...'

రైతులు ఏం చేశారో ఆవిడకు తట్టలేదు. చాక్‌పీసు పట్టుకుని నిలబడింది. కళ్ళు మూసుకుంది. తెరిచింది.

"పోయింది. చెరిపేద్దాం" అంది.

"పూర్తిచేస్తేనే చెరపాలన్నారు మేడం" అంది రుచిత.

"ఇవాళ గుర్తురాదమ్మా."

"అయితే రేపు చెప్పండి. ఉంచుతాం."

బెల్లు కొట్టారు. శాంభవి సంచి తీసుకుని లైబ్రరీ వైపు పోయింది, దారిలో ఎక్కడా ఆగకుండా. తరవాతి గంట కామర్స్ ఆయన వచ్చాడు. బోర్డు మూలనున్న ఆ ముక్కను చూసి మొహం చిట్లించి డస్టరు తీశాడు.

"సార్, అది చెరపకండి!" అంది క్లాసు క్లాసంతా.

"ఎందుకు? ఏముంది అందులో?"

"తెలీదు సార్. ఇంకా పూర్తి కాలేదు."